ఏ రేవులో పడవెక్కాలి?

కోవిడ్‌కు మూసిన ఆస్ట్రేలియా సరిహద్దులు మళ్లీ తెరిచిన రెండేళ్లకు, జూన్ చలిలో, సిడ్నీ పారమట్టాలోని మా ట్రావెల్ ఆఫీసుకు కెల్లీవిల్ పేట నుంచి ఒక తెలుగు బృందం వచ్చింది. అప్పటికి నేను అక్కడ చార్టర్ డెస్కులో సీనియర్ కన్సల్టెంటును. చార్టర్ అంటే విహారానికి తెరచాప పడవను వారం లెక్కన అద్దెకు తీసుకోవడం. పడక గదులు, వంటగది అన్నీ అందులోనే ఉంటాయి. పడవ బొమ్మలు చూపించడానికి మా ఆఫీసులో జూనియర్లు ఉండేవారు. ఏ రేవు నుంచి బయలుదేరాలో తేల్చడం నా పని. కరీబియన్‌లో రేవు తప్పితే, మిగతావన్నీ ఎంత బాగున్నా సెలవు పాడైనట్టే.

వచ్చినవి మూడు జంటలు. నాయకుడు డాక్టర్ ప్రభాకర్, వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు సర్జన్. డిసెంబరులో ఆయనకు అరవై నిండుతాయి. షష్టిపూర్తి పీటల మీద కాకుండా పడవ మీద జరుపుకోవాలని ఆయన సంకల్పం. ఆయన భార్య శారద గారు హైస్కూల్లో లెక్కల టీచరు. వెంట సివిల్ ఇంజినీరు రాజశేఖర్, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు మూర్తి, వారి భార్యలు. ప్రభాకర్ గారు కొన్ని వారాంతాలు సెయిలింగ్ క్లాసులకు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. పడవ ఖాయం కాకముందే కెప్టెన్ టోపీ కూడా కొనేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

వాళ్లు కరీబియన్ అడిగారు కాబట్టి అక్కడి రెండు రేవులు వాళ్ల ముందు పెట్టాను. ఒకటి టోర్టోలా. అక్కడ దీవులు ఎదురెదురుగా ఉంటాయి, మధ్య నీరు చాలావరకు నెమ్మదిగా ఉంటుంది, సాయంత్రానికల్లా లంగరు వేసుకోవచ్చు. రెండోది గ్రెనడా. అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్లాలంటే దీవికీ దీవికీ నడుమ బహిరంగ సముద్రం దాటాలి. పైగా డిసెంబరులో తూర్పు, ఈశాన్యాల నుంచి వీచే బలమైన గాలులను నావికులు క్రిస్మస్ గాలులంటారు. పేరుకు పండగే కానీ, ఆ గాలికి ఎదురెక్కే పడవలో కూర్చున్నవాళ్లకు మింగిన ముద్ద నిలవదు. కొత్తవాళ్లకు టోర్టోలా, అదీ పడవ నడపడానికి జీతానికి ఒక సరంగును పెట్టుకుని వెళ్లడం మంచిదని సలహా ఇచ్చాను.

ప్రభాకర్ గారికి అది నచ్చలేదు. కారణం సముద్రంలో లేదు, కెల్లీవిల్‌లో ఉంది. వాళ్ల వీధిలోని ఎముకల డాక్టరు కిందటేడు టోర్టోలా నుంచే వెళ్లొచ్చి, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాడట.

"టోర్టోలా ఈజ్ ఫర్ బిగినర్స్ అండీ. గ్రెనడా నుంచి పైకి వెళ్దాం. ఏమంటారు?" అని మిగతావాళ్లను అడిగారు.

రాజశేఖర్, "మీ ఇష్టం డాక్టర్ గారూ, మాకేం ఫరవాలేదు" అన్నాడు. మూర్తి కూడా మీ ఇష్టమే అన్నాడు. ఆడవాళ్లు మగవాళ్ల ఇష్టమన్నారు. శారద గారు చేతిసంచీ సర్దుకుంటూ, ఆయనెలా అంటే అలాగే అన్నారు. మన సభల్లో తీర్మానాలు ఏకగ్రీవంగా ఎలా నెగ్గుతాయో నాకు ఆరోజు ఇంకోసారి అర్థమైంది.

రెండు రోజులకు శారద గారు ఒంటరిగా ఫోన్ చేశారు. సిడ్నీ హార్బరు దాటించే మ్యాన్లీ ఫెర్రీ ఎక్కినా తనకు తల తిరిగి వాంతులవుతాయని, లోపలి చెవి సమస్యేనని తన ఫ్యామిలీ డాక్టరు చెప్పిందని, భర్తకు మాత్రం ఈ సంగతి తెలియదని చెప్పారు. చెవుల డాక్టరుకు ఇంట్లో చెవి సంగతి తెలియకపోవడం ఏమిటని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. "చెప్తే ట్రిప్ క్యాన్సిల్ చేసేస్తారండీ. ఇదొక్కటే ఆయన సరదా. నా వల్ల ఆగిపోయిందని నలుగురూ అనుకుంటారు. టోర్టోలా అయితే ఎలాగో తట్టుకుంటాను. మీరే ఏదో చెప్పి ఒప్పించండి" అన్నారు. చాలా జాలేసింది. ఆ మనిషి భర్త పుట్టినరోజును బకెట్ పక్కన కూర్చుని గడపడానికి సిద్ధపడిపోయింది.

గాలి, అల గురించి చెప్తే ప్రభాకర్ గారు వినరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అందుకని వేరే శాస్త్రం తీశాను. గ్రెనడా పడవలు మామూలుగా శనివారం ఇస్తారని, అక్కడి నుంచి దారి ఈశాన్యంగా తూర్పుకు ఒరుగుతుందని, శనివారం తూర్పుకు వారశూల కదా అని ఫోన్‌లో మాటవరసకు అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. సైన్స్ చదువుకున్నవాళ్లం, ఇవన్నీ పట్టించుకుంటామా అన్నారు.

ఆ మాట జోకుగా మిగతావాళ్లకూ చెప్పినట్టున్నారు, మర్నాడు నాకు మూడు ఫోన్లు వచ్చాయి. తనకు నమ్మకం లేదు గానీ భార్య బాధపడుతుందని రాజశేఖర్. తనకు నమ్మకం లేదు గానీ ఇండియాలో అమ్మ అడుగుతుందని మూర్తి. ప్రభాకర్ గారికి కూడా నమ్మకం లేదు. ఊరికే, కారులోంచి హైదరాబాదు పురోహితుడికి వీడియో కాల్ చేశారట. ఆదివారమైతే తూర్పుకు దోషం లేదని ఆ పురోహితుడు చెప్పారట. గ్రెనడాలో ఆదివారం పడవ ఇస్తారా అని నన్ను అడిగారు. ఇస్తారు. అబద్ధం చెప్పలేను కదా, ఇస్తారనే చెప్పాను. నా ఉపాయంతో గ్రెనడాకు ముహూర్తం కూడా కుదిరింది.

బుకింగ్ ఖాయం చేయడానికి అందరూ మళ్లీ ఆఫీసుకు వచ్చారు. పద్ధతి ప్రకారం ఖాయం చేసే ముందు ప్రతి ప్రయాణికుణ్ణీ పేరు పెట్టి ఆరోగ్యం గురించి అడగాలి. బీమావాళ్ల నిబంధన అది. జవాబు ఆ మనిషి నోటి నుంచే రావాలి. మగవాళ్లు ముగ్గురూ తాము దిట్టంగా ఉన్నామన్నారు. శారద గారి వంతు వచ్చింది.

"షీ ఈజ్ ఫైన్. రాసేసుకోండి" అన్నారు ప్రభాకర్ గారు.

ఆవిడే చెప్పాలి డాక్టర్ గారూ అన్నాను. ఆయన ముఖం చిట్లించారు. శారద గారు ఒకసారి నన్ను, ఒకసారి భర్తను చూశారు.

"నాకు పడవ పడదండీ. ఫెర్రీలోనే కక్కుకుంటాను. గ్రెనడా అయితే నేను రాను, మీరంతా వెళ్లండి. నేను కెల్లీవిల్‌లో హాయిగా పడుకుంటాను. టోర్టోలా అయితే వస్తాను. ఇన్ని రోజులూ మీ ఇష్టం అన్నాను కదా, ఇది నా ఇష్టం."

దాంతో రాజశేఖర్ భార్య తనకు ఈత రాదని చెప్పింది. రాజశేఖర్ తనకూ రాదన్నాడు. మూర్తి నెమ్మదిగా, తాను మొదటి నుంచీ టోర్టోలానే అనుకుంటున్నానని, డాక్టర్ గారు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నానని చెప్పాడు. అతని భార్య తనూ అంతేనంది. ఆరుగురిలో ఐదుగురికి అక్కర్లేని రేవుకు అందరూ కలిసి ముహూర్తం పెట్టించుకున్నారు.

ప్రభాకర్ గారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. భార్య వైపు తిరిగి, "నాకెందుకు చెప్పలేదు శారదా?" అని అడిగారు. మీరు అడగలేదుగా అన్నారు ఆవిడ. ఆయన నావైపు తిరిగి, క్లాసుల్లో తానూ వాంతుల మాత్ర వేసుకుని పడవెక్కానని, ఆ సరంగు విషయం ఇంకోసారి చెప్పమని అన్నారు.

టోర్టోలా ఖాయమైంది. సరంగును కూడా పెట్టుకున్నారు. శారద గారికి ప్రయాణంలో ఒకే ఒక్కసారి వాంతి అయిందని తరువాత తెలిసింది, అదీ విమానంలో.

గాలి, అల, రేవు తెలిస్తే నా పని అయిపోయినట్టేనని అన్నాళ్లూ అనుకున్నాను. రేవును బృందం ఎంచుకోదు, బృందంలో గట్టిగా మాట్లాడేవాడు ఎంచుకుంటాడు. వాంతి మాత్రం ఎవరిది వాళ్లదే. ఆ తరువాత రిటైరయ్యేదాకా మనవాళ్లు ఎవరు వచ్చినా ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగాను. భార్య జవాబును భర్త నోటి నుంచి ఎప్పుడూ తీసుకోలేదు.