మామ మగ్గం, నేను మార్చిన పాటలు

తప్పు నాదే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే తర్వాత తీరిగ్గా కోపం చేసుకోవచ్చని ఒప్పుకుంటున్నాను. ఎవరూ అడగని పని నెత్తికెత్తుకున్నాను. ఎవరికీ చెప్పకుండా చేశాను. చేశాక, వెనక్కి వచ్చే దారిని కూడా నా చేత్తోనే మూసేశాను. ఇంతకీ నేను బతకడానికి చేసే ఉద్యోగం ఏమిటంటే, కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పడం.

మా మామ, అంటే నా భార్య తండ్రి, వరంగల్‌లో జంపఖానాలు నేస్తాడు. గుంట మగ్గం, మేమంతా ఉండే ఇంట్లోనే. రెండేళ్ల కింద కళ్లకు ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి వచ్చాక మనుషులు కనపడుతున్నారు, బస్సు మీద ఊరి పేరు కనపడుతోంది, కానీ మగ్గం గదిలోని ఆ మసక వెలుతురులో కొలకర్ర మీది గీతలు మాత్రం కనపడవు. మగ్గం దిగమని అందరం చెప్పాం. ఆయన దిగలేదు. కర్ర మానేసి పాటతో కొలవడం మొదలుపెట్టాడు.

ఆయన చెయ్యి పాటలోని దెబ్బను పట్టుకుంటుంది. పోగును మోసే నాడె అటు, నాడె ఇటు, కాళ్ల కింద తొక్కుడు, అన్నీ ఆ దెబ్బకే నడుస్తాయి. అందుకే ఒక పాటకు ఎన్ని పోగులు పడతాయో ఆయనకు ఖాయంగా తెలుసు. నా భార్య ఆయన ఫోన్లో యాభై రెండు పాటలు ఒక వరసలో పెట్టి ఇచ్చింది. పాత సినిమా పాటలు, పొలం పాటలు, ఒకటి రెండు కవ్వాలీలు, చివరన రెండు బతుకమ్మ పాటలు. మసీదులో పరిచే జంపఖానాలో మనుషులు నిలబడే వరసలన్నీ ఒకే వెడల్పులో ఉండాలి. యాభై పాటలు అయ్యేసరికి ఒక వరస నిండుతుంది. బతుకమ్మ పాట మొదలైందంటే నీలం నూలు పక్కన పెట్టి తెల్ల నూలు అందుకోవాలి, రెండు వరసల మధ్య గీత కోసం. మసీదు జంపఖానాకు బతుకమ్మ పాట గీత గీయడం మా ఇంట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు. ఫోన్‌ను ఇత్తడి చెంబులో నిలబెడితే గది అంతా మోగేది.

అలా నడుస్తుండగా ఆ పాటల యాప్‌లో ప్రకటనలు ఎక్కువయ్యాయి. రెండు పాటలకోసారి ఎవరో ఒకామె వచ్చి తలనూనె అమ్మేది. మామ ఇబ్బంది పడుతున్నాడని నేనే అనుకున్నాను. ఆయన్ని అడిగి ఉంటే తెలిసేది. ప్రకటన పాట కాదు కనుక ఆయన ఆ కాసేపు చెయ్యి ఆపేవాడట. "ఆమె నూనె అమ్మినప్పుడల్లా నేను నీళ్లు తాగుతాన. లేకపోతే నాకు యాదికే రాదు" అని తర్వాతెప్పుడో చెప్పాడు. అడగలేదు. నా ఫోన్ రీచార్జితో పాటు మరో యాప్ ఊరికే వచ్చింది, అందులో ప్రకటనలు లేవు. ఇంకేం, దాన్ని మామ ఫోన్లో కూడా పెట్టి, పాటల కాపురం అక్కడికి మార్చేద్దామనుకున్నాను.

కాపురం మార్చడానికి ఆటో అక్కర్లేదు. ఒక యాప్ లోంచి తీసి ఇంకో యాప్‌లో పెట్టే మూడో యాప్ ఒకటుంది, అదీ ఆ కొత్త యాప్ వాళ్లదే. నొక్కాను. ఒక చక్రం తిరిగింది. "మీ పాటలన్నీ క్షేమంగా చేరాయి" అని వచ్చి, తెర మీద తలంబ్రాల్లా రంగు కాగితాలు రాలాయి. ఆ కాగితాలు చూసి మురిసిపోయాను. ఆ మురిపెంలోనే పాత యాప్‌లోని ఖాతాను తీసేశాను. తీసేసే ముందు అది అడిగింది కూడా: "ఈ పనిని వెనక్కి తీసుకోలేరు, సరేనా?" ఇలాంటివి చదవకుండా నొక్కొద్దని నేను ఏటా రెండు సెక్షన్లకు చెబుతాను. చదవకుండా నొక్కాను.

ఇంక నూనె ఆమె రాదని మాత్రం చెప్పి ఫోన్ మామకు ఇచ్చాను. పది రోజుల తర్వాత జంపఖానాను మగ్గం మీంచి కోసి దింపారు. నేసిన బట్ట నేసినట్టే ముందున్న దోనె కర్రకు చుట్టుకుంటూ పోతుంది కాబట్టి అప్పటిదాకా ఎవరూ దాన్ని మొత్తంగా చూడలేదు. ఆర్డర్ ఇచ్చినాయన నర్సంపేటలో మసీదు పెద్ద, మామకు చాలా ఏళ్ల దోస్తు. ఆయన ముందే వాకిట్లో పరిచాం.

ఒక వరస బెత్తెడు ఎక్కువ. దాని పక్కది జానెడు తక్కువ. తెల్ల గీత ఒకచోట సన్నగా, ఒకచోట తువాలంత. ఒక వరస మధ్యలో, ఏ కారణమూ లేకుండా, ఇంకో తెల్ల గీత.

నర్సంపేట పెద్దాయన ఒక్కో వరసనూ చూసుకుంటూ వచ్చాడు. తర్వాత నవ్వబోయాడు. "ఏం భాయ్, గీ వరసల పొడుగోళ్లు, గీ వరసల పోరగాండ్లు నిలబడాల్నా?"

మామ నవ్వలేదు. వంగి, ఆ వెడల్పాటి వరస మీద జానతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "నా చెయ్యి పోయింది భాయ్" అన్నాడు. "ఇంకో దగ్గర చెప్పుకో."

"రంజాన్ దాకా ఆగుతా. నీ దగ్గరనే నేయించుకుంటా."

"ఆగకు. చెయ్యి పోయింది అంటాన గదా."

ఆ సాయంత్రం మామ మగ్గం మీద పాత దుప్పటి కప్పాడు. మనిషి పోయినప్పుడు కప్పినట్టు కప్పాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అప్పటికి కూడా తప్పు నాదని నాకు తెలియదు. పైగా జాలిపడ్డాను.

మర్నాడు నా భార్య మగ్గం గది ఊడుస్తూ ఫోన్‌లో పాటలు పెట్టుకుంది. కాసేపటికి చీపురు పట్టుకునే బయటికి వచ్చింది.

"గీ డీజే పాట ఎవలు పెట్టిన్రు?"

"ఏ డీజే పాట?"

"నాకు చెప్తానవా? నేను పెట్టిన వరస నాకు తెల్వదా?" గోడకున్న క్యాలెండర్ తీసి వెనక్కి తిప్పింది. యాభై రెండు పాటలూ ఆమె అక్షరాల్లో, పక్కన రంగులతో సహా ఉన్నాయి. "చదువు. నువ్వు చదువుకున్నోనివి గదా, చదువు."

చదివాను. ఫోన్‌తో పోల్చాను. ఆరు పాటలు అసలు రాలేదు. పదకొండు పాటలు పేరు అదే గానీ పాట అది కాదు. ఒకటి డీజే కలిపింది, ఒకటి ఎవరో స్టేజి మీద పాడింది, ఒకటి మాటల్లేకుండా ఉత్త వాయిద్యం. ఇవన్నీ ఒక ఎత్తు. మధ్యమధ్యలో ఆ కొత్త యాప్ తనకు తోచిన పాటలు దూర్చింది, అవీ తిరిగినప్పుడల్లా వేరు వేరువి. బతుకమ్మ పాట ఒకటి దానికి బాగా నచ్చినట్టుంది, నట్టనడుమ కూడా పాడింది. మామ చేతిలో ఉన్న తాళానికి నేను తాళం వేశాను.

"మరి మామ చెప్పొద్దా, కొత్త పాటలు వస్తున్నాయని?"

"ఎట్ల చెప్తడు? ఎక్కించింది అల్లుడు. అల్లునికి వంక పెడ్తడా?" అంది.

అదీ సంగతి. బువ్వలో రాయి వచ్చినా అల్లుడి ముందు మాట్లాడని మనిషి. నేను ఎక్కించానంటే లెక్క చూసుకునే ఎక్కించి ఉంటానని నమ్మాడు. కొలత తప్పితే తప్పేది తన చెయ్యే గానీ, చదువుకున్న అల్లుడి యంత్రం కాదు కదా!

అప్పుడు వచ్చింది నాకు కోపం. సగం నా మీద. మిగతా సగంతో ఆ యాప్ వాళ్ల సహాయ కేంద్రానికి వెళ్లాను. అందులో సహాయమూ లేదు, కేంద్రమూ లేదు. ఒక యంత్రం ఉంది.

"నమస్కారం! మీ సంగీత ప్రయాణం మాకు ఎంతో విలువైనది" అంది.

నా పాటల మధ్యలో మీ పాటలు ఎందుకు వచ్చాయి అని రాశాను.

"మీకు నచ్చే పాటలను మీ జాబితాలో కలపడం మీ ఆనందం కోసం మేము కల్పించిన సదుపాయం."

నా ఆనందం! నేను అడిగానా? యాభై రెండు అంటే యాభై రెండని మా ఇంట్లో ఒక మనిషి చెయ్యి నమ్ముకుని కూర్చుంది. పేరు ఒకటైతే పాట ఒకటేనని ఎవడు చెప్పాడు వీళ్లకు? మా వీధిలో ఒకే పేరున్న మనుషులు నలుగురున్నారు. ఒకరి పెళ్లికి ఇంకొకర్ని తీసుకెళ్లి పీటల మీద కూర్చోబెడితే ఊరుకుంటారా? దొరకని పాట దొరకలేదని చెప్పడానికి నోరు రాదు గానీ, "అన్నీ క్షేమంగా చేరాయి" అని రంగు కాగితాలు చల్లడానికి చేతులొచ్చాయి. మీ అబద్ధం వల్ల మా మామ మగ్గం మీద దుప్పటి కప్పాడు, అని రాశాను. నిజంగానే రాశాను.

"క్షమించండి, నాకు అర్థం కాలేదు. మీరు దుప్పట్ల గురించి అడుగుతున్నారా?"

ఫోన్ విసిరికొట్టబోయాను. అది మామ ఫోన్ అని గుర్తొచ్చి మెల్లగా పెట్టాను. నా కోపం ఎప్పుడూ అంతే.

ఇక మిగిలింది కష్టమైన పని. మామ దగ్గరికి వెళ్లి చెప్పాను. "మామా, నీ చెయ్యి పోలేదు. పాటలు నేను మార్చిన. ఆగం చేసింది నేను."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "నన్ను సముదాయించకు అల్లుడా. నా ఫికర్ పెట్టుకోకు."

వంక పెట్టని మనిషి క్షమాపణ కూడా తీసుకోడు. నేను ఎంత తిట్టుకుంటే అంతగా నన్ను వెనకేసుకొచ్చాడు. చివరికి క్యాలెండర్ చంకలో పెట్టుకుని, "పాటలు ఏరాలె, నాకు తెలుస్తలేదు, జర వచ్చి చెప్పు" అని బస్టాండు దగ్గర మెమరీ కార్డులో పాటలు ఎక్కించే దుకాణానికి తీసుకుపోయాను.

దుకాణాయన దగ్గర ఒక్కో పాట నాలుగైదు రకాలుగా ఉంది. మొదటిది పెట్టాడు. మామ బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. రెండు దెబ్బలు పడ్డాయో లేదో, "ఇది కాదు" అన్నాడు. రెండోది పెట్టాడు. "కాదు. దీని డోలు ఉరుకుతాంది." మూడోదానికి ఆయన చెయ్యి దానంతటదే బల్ల మీద అటూ ఇటూ కదిలింది.

"ఆఁ. గిదే."

అలా ఒక్కొక్కటీ. నాకైతే అన్నీ ఒకేలా వినపడ్డాయి. ఇరవయ్యో పాట దగ్గర దుకాణాయన చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేసి, "పెద్దనాయినా, నేను పదేండ్ల సంది పాటలే ఎక్కిస్తాన. గీ ఫరకు నాకే తెల్వదు. నీకెట్ల దొరుకుతాంది?" అని అడిగాడు.

మామ చెయ్యి ఆగింది. తన అరచెయ్యి కేసి చూసుకున్నాడు. తర్వాత నా కేసి చూశాడు.

"గట్లయితే నువ్వే ఆగం చేసినవన్నట్టు" అన్నాడు.

"నేనే మామా."

"పెద్ద సదువు సదివినవు గదరా, నీ సదువు సల్లగుండ!" అని ఫెళ్లున నవ్వాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మామ నన్ను తిట్టడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు దుప్పటి తీశాడు. ఇత్తడి చెంబులోకి ఫోన్ బదులు మెమరీ కార్డు వేసిన చిన్న స్పీకర్ డబ్బా వచ్చింది. దానికి నెట్ లేదు, నచ్చేవీ లేవు, యాభై రెండు అంటే యాభై రెండే. రంజాన్‌కు ముందే జంపఖానా దిగింది. వాకిట్లో పరిచాక నర్సంపేట పెద్దాయన ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చెప్పులు విప్పి నడిచి, మామ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

అంతా సుఖంగా ముగిసింది గానీ నా కోపం ముగియలేదు. పడుగులో మూరెడు మిగిలింది. ఆ యాప్ గుర్తును గళ్ల కాగితం మీద గీసి మామకు ఇచ్చాను. నారింజ రంగు గుండ్రం, లోపల మూడు వంకర గీతలు.

"ఇదేంది అల్లుడా, జిలేబీనా?"

"వాళ్ల ముఖం మామా."

మామ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఆరు పాటలల్ల అయితది" అన్నాడు.

ఆరు పాటల్లోనే అయింది. ఇప్పుడది మా గుమ్మం ముందు ఉంది. వానాకాలం, మా సందంతా బురద. నిన్న కాలేజీ నుంచి వచ్చేసరికి నా ఫోన్లో ఆ యాప్ నుంచి ఒక కబురు వచ్చింది: "చాలా రోజులైంది, మిమ్మల్ని తలుచుకుంటున్నాం." దాని మీదే నిలబడి చదివాను. ఎడమ కాలు తుడుచుకున్నాను. కుడి కాలు తుడుచుకున్నాను.

లోపలి నుంచి మామ చూస్తూనే ఉన్నాడు. "జర గట్టిగ తుడువు అల్లుడా" అన్నాడు. "మడమకు ఇంకా ఉంది."

మళ్లీ తుడిచాను.