ఎర్ర మోచీ, తెల్ల చలిమిడి

అక్టోబరు 12, ఆదివారం, కాపెల్. ఎండగా ఉంది. గరాజ్ ఊడ్చాను.

మా అమ్మాయి జపాన్ అబ్బాయిని చేసుకుంటానన్నప్పటి నుంచి మా ఆవిడ పెళ్లిమాట ఎత్తలేదు. ఈరోజు అబ్బాయి వాళ్లమ్మ మోచీలు తెచ్చింది. ఎర్రవీ తెల్లవీ, బియ్యప్పిండి మిఠాయిలు.

"రెడ్ అంటే దిష్టి పోతుంది, వైట్ అంటే ప్యూర్ హార్ట్," అంది అమ్మాయి.

కొరికితే పళ్లకు అంటుకుంది. అక్కను అత్తారింటికి పంపేటప్పుడు, కడుపు చల్లగా ఉండాలని ఆమె ఒడిలో అమ్మ పెట్టిన చలిమిడి గుర్తొచ్చింది. ఇత్తడి పళ్లేనికి అంటిన ముద్ద కోసం, ఆ యాలకుల వాసన కోసం చిన్నప్పుడు నాలాగే మీరూ కాచుకునేవారు కదూ?

మా ఆవిడ రెండోది కూడా తింది. "మన చలిమిడే కదండీ ఇది. తీపి తక్కువ, అంతే." పిండి అంటిన వేళ్లు తుడుచుకుని, "పిల్లను ఖాళీ ఒడితో పంపిస్తామా? బియ్యం నానబెట్టండి," అంది.

లాన్ కోయాల్సి ఉంది గానీ, ముందు బియ్యం కడగాలి.