తిమ్మక్క చేతి తొలిసాలు

యాభై ఏడో సంవత్సరంలో ఫ్లూ జ్వరం మద్రాసుకు ఓడలో వచ్చిందని పేరేసంద్ర టీ అంగట్లో రేడియో చెప్పింది. మద్రాసు నుంచి మిట్టేమరి పక్కనున్న ఆ చిన్న పల్లెకు ఎట్లా వచ్చిందో రేడియో చెప్పలేదు గానీ పల్లెలో అందరికీ తెలుసు. అది టిక్కెట్టు లేకుండా రైలెక్కి గౌరిబిదనూరులో దిగింది. బాగేపల్లి బస్సులో చోటు లేకపోతే టాపు మీద గోనెసంచుల మధ్య కూర్చుంది. మిట్టేమరి దగ్గర దిగి, ఎండలో నడవలేక, ఖాళీగా పోతున్న బయ్యప్ప బండి ఎక్కింది. ఉన్నట్టుండి బండి బరువైందని బయ్యప్పకు తెలుస్తూనే ఉందట. ఎద్దులు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాయట. ఊళ్ళో అందరికంటే ముందు బయ్యప్ప మంచమెక్కడానికి కారణం అదే. అతను లేచి తిరిగే వేళకు అతని భార్య తిమ్మక్క పడింది.

తిమ్మక్కది చింతామణి వైపు పల్లె. ఈ ఊరికి కోడలిగా వచ్చిన ఏడాది, విత్తనాల వేళకు అత్త కాల్లో ముల్లు విరిగి కదల్లేకపోతే, కొత్తకోడలే ఒడిలో వేరుసెనగ గింజలు పోసుకుని నాగలి వెనక నడిచింది. ఆ ఏడు పంట ఎంత దట్టంగా వచ్చిందంటే, చేలో దూరిన కుందేలు ఒకటి బయటికి దారి దొరక్క, పంట పెరికేదాకా అక్కడే పిల్లాపాపలతో కాపురం చేసిందని బయ్యప్ప ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. మరుసటి ఏడు పక్క చేనువాళ్ళు నాగలి గీసిన తొలిసాలులో గింజ వేసి పొమ్మని పిలిచారు. ఆ తర్వాతి ఏడు ఊరంతా పిలిచింది. అప్పటినుంచి ఏ చేలో నాగలి కట్టినా మొదటి సాలులో గింజ రాల్చేది తిమ్మక్కే. తక్కిన సాళ్ళు ఆ ఇంటి ఆడవాళ్ళు చూసుకునేవాళ్ళు. తిమ్మక్క తలస్నానం చేసి, కాళ్ళకు పసుపు రాసుకుని, చేను మార్చి చేను నడిచేది. పిల్లలు లేని మనిషి చేత తొలిగింజ వేయిస్తారా అని మొదట్లో ఒకరిద్దరు గొణిగారు. పంట చూసి నోరు మూసుకున్నారు. నోరైతే మూసుకున్నారు గానీ, ఆ మాట తిమ్మక్క చెవిలో ఎక్కడో మిగిలిపోయింది.

జ్వరం పదిళ్ళకు పాకగానే ఊరిపెద్ద పిళ్ళప్ప అందర్నీ పిలిచి అటకల మీద ఎలుకలు చచ్చి పడ్డాయేమో చూడమన్నాడు. అతని చిన్నప్పుడు ప్లేగు వచ్చి ఎలుకలు రాలితే, ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకుంది. అందువల్ల జ్వరమంటే అతనికి ముందు ఎలుక గుర్తొస్తుంది. ఎంత వెతికినా ఒక్క ఎలుకా దొరకలేదు. రాగుల గంపలు ఎప్పటిలాగే ఖాళీ అవుతున్నాయి, ఎలుకలు మనకంటే ఆరోగ్యంగా ఉన్నాయని పిళ్ళప్ప కోడలు మునిరత్నమ్మ చెప్పింది.

"వాటికీ జొరమేలేమ్మా, గూట్లో ముసుగేసుకొని పండుకోనుండాయి. అవి చచ్చి రాలేదాకా మనం యాడ కాసుకొనుండేది?" అన్నాడు పిళ్ళప్ప.

అట్లా ఊరు బయలుదేరింది. జొన్నసొప్పతో, కానుగ రెమ్మలతో ఎవరి చేలో వాళ్ళు గుడిసె వేసుకున్నారు. బాగేపల్లి నుంచి వచ్చిన ఆరోగ్య ఇన్‌స్పెక్టరు ఇళ్ళన్నీ తెరిచి ఉండి, మనిషి అలికిడి లేక, ఒక కోడిపెట్ట మాత్రం వీధిలో తిరుగుతుంటే, ఊరంతా పోయిందనుకుని టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడట. చేలల్లోంచి దగ్గులు వినిపించాక ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. ఇది ప్లేగు కాదు, దీనికీ ఎలుకలకూ సంబంధం లేదు, ఎట్లాగూ దూరదూరంగా ఉన్నారు గనక దగ్గు తగ్గేదాకా అట్లాగే ఉండండి, ముసలివాళ్ళను మాత్రం గాలిలో పడుకోబెట్టకండి అని చెప్పి ఎర్రమందు ఇచ్చి వెళ్ళాడు. ఆ మందు తాగినా ముసలివాళ్ళు ఇద్దరు పోయారు. ఎవరి గుడిసె ముందు వాళ్ళు నిలబడి పాడెలకు దూరం నుంచే దండం పెట్టారు.

తిమ్మక్కకు ఆ రోజులు నీళ్ళలోంచి చూసినట్టుండేవి. ఆషాఢపు గాలికి కప్పు మీది ఆకులు కదిలి, పచ్చటి వెలుగు ముఖం మీద పారాడేది. బయ్యప్ప రాగిగంజి కాచి తెచ్చేవాడు. అందులో ఉండలు గోలీలంత ఉండేవి. మిరియాల కషాయం గొంతు దిగేటప్పుడు ఎక్కడో దూరంగా ఎవరో నిప్పు రాజేస్తున్నట్టు అనిపించేది. అన్ని గుడిసెల్లోంచీ దగ్గులు వచ్చేవి. అవి ఎవరెవరివో ఆమెకు తెలుసు. పిళ్ళప్ప దగ్గు తలుపు తట్టినట్టుండేది. మునిరత్నమ్మది చిన్నగా, ఎవరికీ వినిపించకూడదన్నట్టు ఉండేది. కళ్ళు మూస్తే తన కుడిచెయ్యి పెరిగి పెరిగి గుడిసె దాటి, మబ్బునీడలాగా చేల మీదికి పోయేది. ఎర్రమట్టి వేళ్ళకు తగిలేది. పొడిగా, వేడిగా, తన ఒళ్ళులాగే జ్వరంతో ఉండేది. మట్టికి ఎవరు కషాయం పోస్తారని ఆలోచిస్తూ నిద్రపోయేది.

ఆరుద్ర కార్తెలో ఒక మధ్యాహ్నం మబ్బు దిగింది. కొండలు కనబడకుండా పోయాయి. మొదటి చినుకులకు లేచిన మట్టివాసనకు ఆమె కళ్ళు తెరిచింది. తర్వాత వాన గుడిసెనంతా కొట్టింది. బయ్యప్ప గొంగడి కప్పి, దాని మీద గోనెపట్టా కప్పి, పక్కనే తడుస్తూ కూర్చున్నాడు. వాన వెలిశాక బయట చెయ్యి పెట్టి తవ్వి చూసి, మోచేతి లోతు తడి దిగి నేల విత్తడానికి పదునైందని చెప్పాడు.

తెల్లారి తిమ్మక్క పాక్కుంటూ గుడిసె వాకిట్లోకి వచ్చి కూర్చుంది. ఒక్క చేలో నాగలి లేదు. ఇంకా ఎవరికీ ఒళ్ళు బాగా కాలేదేమో అనుకుంది. ఆ మరుసటి రోజు పడమటి గాలి లేచింది. నేల పైన తెల్లబారుతోంది. ఎదురుగా పిళ్ళప్ప ఎద్దులకు కాడి కట్టారు. అవి చాలాసేపు నిలబడ్డాయి. తర్వాత కాడి విప్పేశారు. జ్వరంతో మంచమెక్కిన మనుషులు కూడా లేచి గట్ల మీద నిలబడి, మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసి, మళ్ళీ గుడిసెల్లోకి పోతున్నారు. ఒకరిద్దరు ఇటు చూసి, ఆమె కనబడగానే తల తిప్పుకున్నారు.

అప్పుడు ఆమెకు అర్థమైంది, లేదా అర్థమైందనుకుంది. జ్వరం చెయ్యి వాళ్ళకు వద్దు. వద్దని చెప్పడానికి ముఖం చెల్లడం లేదు. తనను దాటి ఇంకొకరి చేత వేయించడానికీ ధైర్యం లేదు. ఇట్లాగే చూస్తూ కూర్చుంటే రేపటికి పదును ఆరిపోతుంది. ఏడాది తిండి పోతుంది. చెవిలో ఎన్నేళ్ళగానో ఉన్న ఆ గొణుగుడు మళ్ళీ మెల్లగా మొదలైంది. చేతిని కొంగులో దాచుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి బయ్యప్పను పిలిచింది.

"యోవ్, పిళ్ళప్ప మామతో చెప్పిరాపో. ఈ తూరి మునిరత్నమ్మ చేత తొలిగింజ యేపించుకోమను."

"నువ్వు యెయ్యవేమే?"

"నా చేతికేం. ఊరికి తిండి కావాల గదా."

బయ్యప్ప తలగుడ్డ చుట్టుకుని పిళ్ళప్ప చేను వైపు పోయాడు.

అతను తిరిగి వచ్చేటప్పుడు వెనకాల ఊరే వస్తోంది. ఒక్కొక్కరి నెత్తిన విత్తనాల గంప ఉంది. వాళ్ళు గుడిసెకు దూరంగా వరసగా ఆగారు. మునిరత్నమ్మ మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ముందుకొచ్చింది.

"ఏమక్కా, అట్ల చెప్పి పంపించినావే. మేమేం చేస్తిమి?"

"జొరం పట్టిన చెయ్యి గదమ్మా. మీరు వద్దనుకుంటిరని..."

"యెవురన్నారు వద్దని? పండుకోనుండే మనిషిని లేపకూడదు, ఆయమ్మ లేచేదాకా గింజ పడకూడదు అని మా మామ కాడి విప్పిచ్చినాడు. మేం చూస్తే యాడ లేచొస్తావో అని మొగం తిప్పుకొంటిమి. ఊరంతా నీ దగ్గు కోసరం చెవి పెట్టుకోనుండాది, యెప్పుడు తగ్గుతాదా అని."

వెనకనుంచి పిళ్ళప్ప, లేపితే బయ్యప్ప కొట్లాటకు వస్తాడని భయపడ్డామన్నాడు. తనను ఎవరైనా ఒక్క మాట అడిగారా అని బయ్యప్ప నిజంగానే కొట్లాటకు సిద్ధమయ్యాడు. తిమ్మక్కకు నవ్వు వచ్చింది, నవ్వు దగ్గైంది, దగ్గు కన్నీళ్ళైంది. అవి తగ్గేదాకా ఎవరూ కదలలేదు.

నడిచి చేలకు వెళ్ళే బలం ఆమెకు లేదు. ఒక్కొక్కరూ గంప తెచ్చి వాకిట్లో దించి దూరం జరిగారు. తిమ్మక్క ప్రతి గంపలోనూ మోచేతి దాకా చెయ్యి దింపి, అడుగు గింజను పైకి, పైగింజను అడుగుకు తిప్పింది. చల్లటి గింజలు వేళ్ళ మధ్య జారుతుంటే, కలలో చేల మీదికి పోయిన చెయ్యి మెల్లగా తన దగ్గరికి తిరిగొస్తున్నట్టు అనిపించింది. గంపలు వచ్చినట్టే పోయాయి. కాసేపటికి అన్ని చేలల్లోనూ నాగళ్ళు కదిలాయి. అంత హడావుడిగా దున్నడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదట. ఎద్దులు ముందు పోతుంటే వాటి నీడలు అందుకోలేక వెనకబడ్డాయని బయ్యప్ప చెబుతాడు.

పొద్దు వాలేవేళకు మిగిలింది తిమ్మక్క చేను ఒక్కటే. బయ్యప్ప నాగలి పట్టాడు. ఆమె ఒడిలో గింజలు పోసుకుని సాలు మొదట్లో నిలబడింది. నాలుగడుగులు వేసేసరికి నేల పైకి లేచినట్టై కూలబడింది. మునిరత్నమ్మ తన చేలోంచి పరుగెత్తుకుంటూ వచ్చి, తన కొంగు చాపి పట్టింది. తిమ్మక్క ఒడిని గట్టిగా పట్టుకునే ఉంది. తర్వాత ఒక్కో వేలూ వదిలి, గింజలన్నీ ఆమె కొంగులోకి వంచింది.

గట్టు మీద గొంగడి కప్పుకుని కూర్చుని చూసింది. మునిరత్నమ్మ నాగలి వెనక నడుస్తోంది. ఈ చేలో ఇన్నేళ్ళలో ఇంకొకరి చేతినుంచి తొలిగింజ పడడం ఇదే మొదలు. పిల్ల బాగానే నడుస్తోంది గానీ చెయ్యి మరీ పైన పెట్టి వేస్తోంది, గింజలు ఎగిరి సాలు బయట పడుతున్నాయి. తిమ్మక్క అరవబోయింది. దగ్గు అడ్డొచ్చింది.

మునిరత్నమ్మ సాలు చివర మలుపు తిరిగి ఇటు చూసింది. తిమ్మక్క గొంగడిలోంచి చెయ్యి బయటికి తీసి, గాలిలో పైనుంచి నేల దగ్గరికి మెల్లగా దించి చూపించింది. చేనుకు ఆ కొసన మునిరత్నమ్మ తల ఊపి, నడుం ఇంకాస్త వంచి, చెయ్యి కిందికి దించింది.