నూట ఎనభై మాటల పేరా

ఆఫీసులో ఆమెకి ఆరువేలమ్మ అని పేరు. మొహం మీద ఎవరూ అనేవారు కాదు గానీ, ఆమెకి తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. విద్యారంగంలో జరిగే పరిశోధనలని మూడు నెలలకొకసారి అచ్చువేసే పత్రిక అది. అందులో ఆమె ఇరవై ఏడేళ్ళుగా ఉపసంపాదకురాలు. ఏ వ్యాసమూ ఆరు వేల మాటలు దాటకూడదని ఆ పత్రిక నియమం. ఆరు వేల ఒకటో మాట కనబడితే ఆమెకి అన్నం సహించదు. ఎంత గొప్ప ప్రొఫెసరైనా, పేరు వెనక ఎన్ని డిగ్రీలు వేలాడుతున్నా, ఆమె బల్ల మీదికి వచ్చాక ఆరు వేలకి దిగవలసిందే.

ఉన్న మాట చెప్పుకోవాలి, పనిమంతురాలు. పండితులు అరపేజీ పొడుగునా తిప్పి తిప్పి చెప్పిన సంగతిని రెండు వాక్యాల్లోకి తెచ్చేది. పట్టికల్లో అంకెలన్నీ మళ్ళీ కూడుకునేది. ఆమె చేయి పడ్డ సంచికలో ఇరవై ఏడేళ్ళలో తప్పు దొర్లిందని ఒక్క సవరణ ప్రకటన కూడా పడలేదు. ఈ మాట ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా చెప్పేది. వాళ్ళకేం తెలుస్తుంది పాపం, తలలూపి టీ తాగి వెళ్ళేవారు.

ఇంట్లో ఉండేది ఆమె, ఆమె వదిన. అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ వదినా ఆడపడుచులిద్దరూ మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో కలిసి ఉంటున్నారు. వదిన ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. యాభై ఆరేళ్ళు. కూడబలుక్కుని చదవగలదు, అంతే. వేడి వేడిగా యంత్రంలోంచి వచ్చిన దుప్పట్లని మడతపెట్టీ మడతపెట్టీ ఆమె వేళ్ళ కొసలు గట్టిపడిపోయాయి. ఫోను మీద నొక్కితే ఒకటికి రెండు అక్షరాలు పడతాయి, లేదంటే ఒక్కటీ పడదు.

రెండేళ్ళ కిందట ఆసుపత్రివాళ్ళు సెలవులూ డ్యూటీ మార్పులూ అన్నీ ఫోనులోకి ఎక్కించేశారు. సెలవు కావాలంటే మనిషిని కాదు, ఫోనులో యంత్రాన్ని అడగాలి. వదిన ఫోను పట్టుకుని ఆడపడుచు దగ్గరికొచ్చేది. ఆరువేలమ్మ "ఇలా ఇవ్వు వదినా" అని లాక్కుని, అర నిమిషంలో టకటకా కొట్టేసి, తిరిగి చేతిలో పెట్టేది. వదినకి అది నచ్చేది కాదు. చేసి పెడతావు గానీ చూపించవు కదా అని ఒకటి రెండుసార్లు అంది కూడా. దానికి ఆరువేలమ్మ నవ్వేసి తన కాగితాల్లోకి తల దూర్చేసింది. ఆమెకి ఓపిక లేదని కాదు. నెమ్మదిగా జరిగేది ఏదైనా వృథా అనుకోవడం ఆమె చేతికి అలవాటైపోయింది.

అందుకని వదిన ఎవరికీ చెప్పకుండా పోయి, గ్రంథాలయంలో సాయంత్రం తరగతిలో చేరింది. ఏఐతో ఎలా మాట్లాడాలి, అది చెప్పినదాంట్లో ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు అని పెద్దవాళ్ళకి నేర్పే తరగతి. వారానికి మూడు రోజులు. ఇంటికొచ్చి కబుర్లు చెప్పేది. యంత్రం అచ్చం మీ అన్నయ్య లాంటిదే, తెలియకపోయినా తెలియదని చచ్చినా అనదు, అందుకే టీచరుగారు ఇంకోసారి అడగమన్నారు, ఇంకెవరినైనా కూడా అడగమన్నారు అనేది. ఆరువేలమ్మ ఊఁ కొట్టేది. ఎక్కడి తరగతి, ఎవరా టీచరు అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ ఏడాదే పత్రికవాళ్ళు ఒక ప్రత్యేక సంచిక తలపెట్టారు. చదువుల్లో ఏఐ అక్షరాస్యత, డిజిటల్ సమ్మిళితత్వం అని విషయం. నోరు తిరగని పేరు గానీ అర్థం చిన్నదే: కొత్త యంత్రాలు వచ్చాక చదువులో ఎవరూ వెనకబడి పోకూడదని. పదకొండు వ్యాసాలు వచ్చాయి. పది ప్రొఫెసర్లవి. పదకొండోది గ్రంథాలయంలో పాఠం చెప్పే ఒక టీచరుది. పరిశోధన వ్యాసాల్లో మనుషుల పేర్లు, ఊరి పేరు రాయకూడదు కాబట్టి ఆవిడ "ఒక పట్టణ గ్రంథాలయం" అని మాత్రమే రాసింది.

ఆ వ్యాసం ఆరు వేల నూట డెబ్భై మాటలు ఉంది. సంచిక ప్రెస్సుకి వెళ్ళడానికి అయిదు రోజులు. ఆరువేలమ్మ వ్యాసమంతా ఒకసారి తిరగేసింది. తరగతిలో అరవై నాలుగు మంది చేరారట. నలభై మంది రికార్డు చేసిన పాఠాలు చూసుకుంటూ తమంతట తామే నేర్చుకున్నారు. పరీక్ష రాసిన ఆ నలభైలో ముప్పై ఎనిమిది మంది పాసయ్యారు. చివర్లో ఒక పేరా, నూట ఎనభై మాటలు. మిగతా ఇరవై నాలుగు మంది గురించి. వాళ్ళు రికార్డు పాఠాలతో నేర్చుకోలేకపోయారని, ఒక్కొక్కరి పక్కన తను కూర్చోవలసి వచ్చిందని, వాళ్ళకి ఇంకా టైము కావాలని పరీక్ష పెట్టలేదని టీచరు రాసింది. ఆసుపత్రిలో పనిచేసే ఒకావిడ అన్న మాట కూడా అందులో ఉంది: "పక్కన మనిషి ఉంటే నా వేలు వణకదు."

ఫలితం పట్టికలో ఉండనే ఉంది, ఇదంతా సాగతీత అనుకుంది ఆరువేలమ్మ. పేరా తీసేసింది. మొదట్లో ఉన్న అరవై నాలుగు అంకె ఇక పొసగదని అదీ తీసేసింది. వ్యాసం అయిదు వేల తొమ్మిది వందల ఎనభై దగ్గర చక్కగా కూర్చుంది.

పత్రిక పద్ధతి ఏమిటంటే, ప్రూఫు రచయితకి మెయిల్లో పంపుతారు. మార్పులేమైనా ఉంటే మూడు రోజుల్లోగా పత్రిక వెబ్‌సైటులోకి వెళ్ళి రాయాలి. రాయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ వెబ్‌సైటు తలుపు తీయాలంటే ఫోనుకి ఒక కోడు వస్తుంది. టీచరుగారి కోడు ఆవిడ ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకి పోతోంది. ఆవిడ ఆఫీసుకి రెండుసార్లు ఫోను చేస్తే రెండుసార్లూ రికార్డు గొంతు జవాబు చెప్పింది. చివరికి ప్రూఫుని కాగితం మీద తీసి, ఎర్ర సిరాతో దిద్ది, కవర్లో పెట్టి పంపింది. అది నాలుగో రోజున వచ్చింది.

ఎవరూ వెనకబడకూడదని సంచిక వేస్తున్నవాళ్ళ గుమ్మం దగ్గర జరిగింది ఇది. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

ఆరువేలమ్మ ఆ కవరు చూసింది. పంపినవారి పేరు చూసింది, లోపల ఏముంటుందో ఊహించింది. గడువు నిన్నటితో అయిపోయింది, రూలు రూలే అనుకుని, విప్పకుండా సొరుగులో పడేసింది. తరవాత ఎన్నిసార్లు తలుచుకుని కుమిలిపోయిందో ఆ క్షణాన్ని! ప్రెస్సుకి పోవడానికి ఇంకా ఒక పూట టైముంది అప్పటికి.

సంచిక బయటికొచ్చింది. పేరొచ్చింది. నెల తిరిగాక ఒక సాయంత్రం వదిన మొహం వేలాడేసుకుని వచ్చింది. తరగతి ఎత్తేస్తున్నారట. టీచరు అక్కర్లేదు, రికార్డు పాఠాలు చాలునని విద్యాశాఖ కమిటీ అనుకుంటోందట. పన్నెండు రోజుల్లో కూర్చుని తేల్చేస్తారట. నలభైమందిలో ముప్పై ఎనిమిది మంది పాసయ్యారని టీచరుగారు రాసింది ఏదో పత్రికలో పడిందట.

"మేం ఇరవై నాలుగు మందిమి ఏమైపోయామే అమ్మాయ్?" అంది వదిన. "నాలుగు నెలలు మా పక్కన కూర్చుంది ఆవిడ. రాసేటప్పుడు మేం లెక్కలోకే రాలేదా?"

ఆ వ్యాసం ఏదో ఆరువేలమ్మకి అప్పుడు తెలిసింది. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి మొదట మూల ప్రతి తీసి చూసింది. ఆసుపత్రిలో పనిచేసే ఒకావిడ, వయసు యాభై ఆరు. ఆ వేలు వదినది. రోజూ తన ఎదురుగా అన్నం కలుపుకునే వేలు. తరవాత సొరుగులో కవరు విప్పింది. తీసేసిన పేరా ఉండవలసిన చోట టీచరు ఎర్ర సిరాతో రాసింది, ఇది మాత్రం దయచేసి తీయకండి, మాటలు ఎక్కువైతే పట్టిక తీసేయండి అని.

దిద్దుకునే దారి అప్పటికీ ఉంది. అదే ఈ కథలో దారుణం. తప్పు పత్రిక ఆఫీసుదైతే, ఉపసంపాదకురాలి సంతకంతో సవరణ ప్రకటన ఆ రోజే వెబ్‌సైటులో పెట్టేయవచ్చు. కమిటీ చేతిలో పెట్టవచ్చు. అదే తప్పు రచయితదైతే, సమీక్షకులు చూడాలి, తరవాతి సంచికలో రావాలి, అంటే ఇంకో రెండు నెలలు.

ప్రధాన సంపాదకుడైన ప్రొఫెసరుగారు మెత్తటి మనిషి. ఆయన ఆమెకి కుర్చీ చూపించి, ఇన్నేళ్ళ మీ సర్వీసుకి ఇప్పుడు మచ్చ ఎందుకమ్మా, పత్రికకి రేటింగు ఇచ్చేవాళ్ళు కూడా వచ్చే నెలే వస్తున్నారు, రచయిత సవరణ అని వేద్దాం, ఆవిడ కాదనదు అన్నాడు. బలవంతం చేయలేదు. మీ ఇష్టం అని కూడా అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది, తప్పు ఆయన మీదికి నెట్టేసుకోవచ్చు కదా.

ఆమె టీచరుకి ఫోను చేసింది. టీచరు దెబ్బలాడలేదు. ఎవరి పేరున వేసినా తనకి ఫరవాలేదని, కమిటీ కూర్చునేలోపు వస్తే చాలునని బతిమాలింది. "మా తరగతివాళ్ళు రోజూ అడుగుతున్నారండీ, ఏం చెప్పమంటారు?" అంది. ఆరువేలమ్మ చూస్తానంది. కంప్యూటరు ముందు కూర్చుని సవరణ ఫారం తెరిచింది. తప్పు ఎవరిది అన్న చోట రెండు గళ్ళున్నాయి, ఆఫీసు, రచయిత. ఇరవై ఏడేళ్ళు కళ్ళ ముందు నిలబడ్డాయి. రెండోది నొక్కింది.

పన్నెండు రోజుల తరవాత కమిటీ కూర్చుంది, తేల్చేసింది. తరగతి గదిలో బల్లలు తీసేసి వరసగా యంత్రాలు పెట్టారు, ఒక్కోదానికి చెవులకి పెట్టుకునేది ఒకటి. రెండు నెలలకి సంచిక వచ్చింది. నూట పన్నెండో పేజీలో అడుగున, చిన్న అక్షరాల్లో "రచయిత సవరణ" అని నూట ఎనభై మాటలూ పడ్డాయి. ఎవరు చదివారో దేవుడికెరుక.

వదిన మళ్ళీ ఫోను పట్టుకుని ఆడపడుచు దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆరువేలమ్మ లాక్కునేది కాదు. పక్కన కూర్చుని నెమ్మదిగా చూపించబోయేది. వదిన మాత్రం, నాకెక్కడ వస్తుందిలే, నువ్వే కొట్టేయ్ అని అటు తిరిగిపోయేది. టీచరు మీద కోపం పోలేదు ఆమెకి. తరగతి ఎత్తేసిన కొత్తల్లో ఒకరోజు బస్టాపులో ఎదురుపడి ఆవిడ పలకరించబోతే మొహం తిప్పుకుని వచ్చేశానని, మాకు లెక్కలో చోటివ్వని మనిషితో మాటలేమిటని, కూర తరుగుతూ చెప్పింది.

ఆ మాట ఆరువేలమ్మని నిలవనివ్వలేదు. ఒక ఆదివారం పొద్దున్న వదిన టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు, ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేసింది. పేరా, కవరు, ఫారంలో గడి, ఏదీ దాచలేదు. ఆవిడ మిమ్మల్ని లెక్కపెట్టింది వదినా, తీసేసింది నేను అంది. ఏడ్చింది కూడా.

వదిన టీ గ్లాసు కింద పెట్టేసింది. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో. చివరికి, "మూడు నెలల కిందట చెప్పాల్సింది. నేనావిడ మొహం చూడకుండా వచ్చేశాను" అని మాత్రం అంది. లేచి చీర మార్చుకుంది. ఇద్దరూ గ్రంథాలయానికి వెళ్ళారు. టీచరు పని పోయాక వేరే ఊళ్ళో ఏదో స్కూల్లో చేరిందట, వెళ్ళి నెల దాటిందట. కౌంటరు దగ్గర అమ్మాయి ఒక ఫోను నంబరు చీటీ మీద రాసిచ్చింది. అక్కణ్ణుంచే రెండుసార్లు ఫోను చేశారు, ఎవరూ ఎత్తలేదు. మెసేజి పెట్టండి, చూసుకుంటారు అంది ఆ అమ్మాయి.

ఇంటికొచ్చాక ఆరువేలమ్మ వదిన ఫోను కోసం చెయ్యి చాచింది. ఈసారి నిజంగానే సాయం చేద్దామని.

"నువ్వు చెప్పు వదినా. నువ్వు అన్నది అన్నట్టు రాస్తాను."

వదిన ఫోను ఒళ్ళోకి లాక్కుంది.

"వద్దమ్మా. నీ చేత రాయించను. నువ్వు తీసేస్తావు."

కోపంగా అనలేదు. ఉప్పు ఎక్కువైంది, తక్కువైంది అన్నట్టు అంది. అని, కిటికీ దగ్గర కుర్చీ వెలుగు వైపు తిప్పుకుని కూర్చుంది. ఒక్కో అక్షరం కొడుతూ, చెరుపుతూ, మళ్ళీ కొడుతూ, మధ్యాహ్నం దాకా కూర్చుంది. వేలు వణుకుతూనే ఉంది. ఆరువేలమ్మ నాలుగడుగుల దూరంలో మంచం మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది, పక్కకి వెళ్ళే ధైర్యం లేక. మూడో నాలుగో వాక్యాలయ్యాయి. వాటిలో ఏముందో వదిన చెప్పలేదు, ఆమె అడగలేదు.