డెబ్బై నాలుగు మీద నిలిచిన ముల్లు

అమీర్‌పేటలో మెట్రో పిల్లర్లు లేవకముందు నుంచే అక్కా నేనూ కర్రీ పాయింట్ నడుపుతున్నాం. మగ్గాలు మూలపడ్డ ఊరి నుంచి వచ్చిన ఇద్దరం ఆడవాళ్లం, ఒక షట్టరు, పన్నెండు గిన్నెలు. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి పిల్లలు వచ్చి నిలబడతారు. గదిలో అన్నం మాత్రం వాళ్లు వండుకుంటారు, పప్పూ కూరా మా దగ్గర కవర్లలో కట్టించుకుని పోతారు. వాళ్లలో సగం మందికి నా మొహం గుర్తుండదు గానీ మా టమాట పప్పు గుర్తుంటుంది.

ఆ రుచి అక్కది. నాకంటే పదేళ్లు పెద్దది. కూర దించే ముందు గరిటెతో కొంచెం తీసి ఎడమ అరచేతిలో వేసుకుని నాకి చూసేది. ఒక కూర రుచి ఇంకో కూరకు అంటకుండా మధ్యలో రెండు మెతుకుల తెల్లన్నం నోట్లో వేసుకునేది. శనివారం ఒక్కపొద్దు ఉన్న రోజు కూడా పన్నెండు గిన్నెలూ రుచి చూసేది. అది తిన్నట్టు కాదని మా ఇంటి లెక్క. ఒకసారి నేను అడిగితే, దేవునికి సుత తెలుసు, గది మన పని అని కసురుకుంది. నేను మళ్లీ అడగలేదు.

అట్లాంటి మనిషికి మూత్రపిండాలు పాడయ్యాయి. డాక్టరు మొదట మానిపించింది ఉప్పు. రెండు రోజులు మాట విని, మూడో రోజు నేను చూడనప్పుడు సాంబారు రుచి చూసింది. ఒక్క చుక్కతో ఆగిందో, గరిటెడు లాగించిందో ఆమెకే తెలియాలి. మర్నాటికి కాళ్లు పొంగాయి. ఇక ఆమెను పొయ్యి దగ్గరి నుంచి లేపి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, గరిటె నేను పట్టుకున్నాను. వారానికి మూడుసార్లు పంజాగుట్టలో డయాలసిస్. మిగతా రోజుల్లో కుర్చీలో కూర్చుని వెల్లుల్లి ఒలిచేది.

అక్కకు నా కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. మా ఇంటాయన కూడా సరేనన్నాడు. ఇక అయిపోయినట్టేననుకుని నేను స్వీట్లు పంచబోయాను. డాక్టరు గారు మాత్రం నన్ను బరువు మిషన్ ఎక్కించి, ముల్లు డెబ్బై తొమ్మిది దాటడం చూసి ఆపరేషన్ కాగితం పక్కన పెట్టారు. డెబ్బైకి దిగితే తప్ప కోయనన్నారు. ఈ బరువుతో కోస్తే మీకే ప్రమాదం, రేపు ఒక్క కిడ్నీతో బతకాల్సింది మీరే అన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క నా వైపు చూడలేదు. నా ఒళ్లు చూసి నాకే మొదటిసారి సిగ్గేసింది.

ఆసుపత్రిలో డైటు చెప్పే అమ్మాయి నా ఫోనులో ఒక యాప్ పెట్టింది. ఏం తిన్నా అందులో రాయాలి, అది కేలరీలు లెక్కకట్టి చూపిస్తుంది. నేను చదివింది ఏడో తరగతే అయినా ఒక్క ఇడ్లీ ముక్క కూడా దాచలేదు. టీలో చక్కెర మానేశాను. తెల్లవారగానే అమీర్‌పేట నుంచి మెట్రో కింద పంజాగుట్ట చౌరస్తా దాకా నడిచి, తిరిగి నడిచి వచ్చి పొయ్యి వెలిగించేదాన్ని. రెండు నెలల్లో ఐదు కిలోలు పోయాయి. జాకెట్లు వదులయ్యాయి. పక్క జిరాక్సు షాపతను, ఏందక్కా, మస్తు చిక్కినవ్ అన్నాడు. ఆ మాట రెండు రోజులు తలుచుకుని మురిసిపోయాను.

తర్వాత ముల్లు డెబ్బై నాలుగు మీద నిలబడిపోయింది. వారం పోయింది, నెల పోయింది, రెండో నెల కూడా పోయింది. అన్నం మానేసి జొన్న రొట్టె పట్టాను. సాయంత్రం కూడా నడిచాను. మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ వదిలి మెట్లెక్కాను. పిల్లలు తలా ఒకటి చెప్పారు, ఒకరు జీలకర్ర నీళ్లన్నారు, ఒకరు నిమ్మకాయ తేనె అన్నారు. అన్నీ తాగాను. ముల్లు కదిలితే ఒట్టు. ఇంట్లో కొనిపెట్టుకున్న మిషనే చెడిపోయిందని కొట్టుకు మోసుకొచ్చి, ఐదు కిలోల బియ్యం బ్యాగు దాని మీద పెట్టాను. సరిగ్గా ఐదు చూపించింది. నా మీదే దానికి కోపం కాబోలనుకున్నాను.

డైటు అమ్మాయి ఒకరోజు మెల్లగా, ఆంటీ, ఏమైనా రాయడం మర్చిపోతున్నారా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. దొంగతిండి తినే వయసా నాది అని నలుగురిలో అరిచి వచ్చేశాను. దారంతా తిట్టుకుంటూనే ఉన్నాను. లోపల మాత్రం భయం. డయాలసిస్ నుంచి వచ్చిన ప్రతిసారీ అక్క ఇంకొంచెం నల్లబడి, ఇంకొంచెం తగ్గి వచ్చేది. తగ్గాల్సిన దాన్ని తగ్గకుండా ఉన్నాను, తగ్గకూడని మనిషి తగ్గిపోతోంది.

ఒక గురువారం మధ్యాహ్నం, గిరాకీ అయిపోయాక, అక్క నన్ను పిలిచి కుర్చీ పక్కనున్న స్టీలు గిన్నె చూపించింది. అందులో పప్పు, సాంబారు, వంకాయ, చారు అన్నీ కలిసిపోయి, పైన నూనె తేలుతూ, మధ్యలో మెతుకులతో అసహ్యంగా ఉంది. గిన్నె ముప్పావు వంతు నిండింది. ఎవరు పారబోశారని అడిగాను. పొద్దున నుంచి నేను అరచేతిలో వేసుకున్న ప్రతిసారీ, నేను అటు తిరగ్గానే, తను కూడా అంతే తీసి అందులో వేసిందట.

"పొద్దుగాల నుంచి నువ్వు తిన్నది గిది" అంది.

"తినలే అక్కా. రుచి చూసిన."

"గా ముచ్చట కడుపుకు తెల్వదు చెల్లె."

గిన్నె ఎత్తి చూశాను. జొన్న రొట్టె గ్రాములతో సహా రాసిన నేను, దీంట్లో ఒక్క మెతుకు రాయలేదు. రాయాలని కూడా తట్టలేదు. అక్క ఒక్కసారే చూసేది. నాకు ఆ నాలుక లేదు. ఉప్పు వేసి ఒకసారి, మళ్లీ వేసి ఒకసారి, గిరాకీ పోతుందన్న భయంతో ఇంకోసారి. డైటు అమ్మాయి మొహం గుర్తొచ్చింది. మర్నాడే వెళ్లి ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను.

మరి రుచి ఎవరు చూడాలి? మనిషిని పెడదామంటే అక్క ఒప్పుకోలేదు. ఎవరి నాలుకో మనకెందుకు, నా చెయ్యి ఉన్నది కదా అంది. చిన్న త్రాసు తెప్పించింది. మధ్యాహ్నాలు షట్టరు సగం దించి కూర్చునేవాళ్లం. పప్పు ఎన్ని కిలోలు, టమాటలు ఎన్ని అని నన్నడిగి, కళ్లు మూసుకుని, కూరలో వేస్తున్నట్టే ఉప్పు పిడికిట్లోకి తీసి త్రాసులో వేసేది. నేను తూచి నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. నమ్మకం లేక మూడుసార్లు వేయిస్తే మూడుసార్లూ తూకం ఒక్కటే. ఇరవై ఏళ్లు ఆ చేతి పక్కన నిలబడ్డాను గానీ అంత కచ్చితమైన చెయ్యి అని నాకు అప్పటిదాకా తెలియదు.

తూస్తూ తూస్తూ పాత సంగతులు చెప్పేది. మొదటి ఏడాది హాస్టలు పిల్ల ఒకతి జ్వరంతో వస్తే కారం తగ్గించిన చారే ఇప్పటి మన చారట. పులుసులో బెల్లం ముక్క పడటానికి కారణం రాజమండ్రి నుంచి వచ్చిన ఒక లెక్చరరు గారు. ఏంటండీ, మీరు తీపి వేయరా అని ఆయన రోజూ అడిగేవారట. ఆయన మాట అక్క అనుకరిస్తే నేను నవ్వలేక కడుపు పట్టుకునేదాన్ని. ఇప్పుడు అక్క ఇంటి దగ్గరే ఉంటుంది. పొగా జనమూ ఆమెకు వద్దన్నారు. నేను ఒక్కదాన్నే నోట్‌బుక్కు చూసి వండుతాను. వ్యాపారం బాగానే ఉంది. కానీ సగం దించిన షట్టరు వెనక ఆ పదిహేను మధ్యాహ్నాలు ఎవరైనా తిరిగి ఇస్తామంటే, మళ్లీ ఆ డెబ్బై నాలుగు కిలోలూ మోయడానికి నేను సిద్ధం.

అప్పుడు మాత్రం, రుచి చూడకుండా వండిన మొదటి రోజు, ఉప్పు రెండేసిసార్లు తూచాను. పప్పు కట్టించుకున్న ప్రతి పిల్ల మొహం వెనకాలే నా కళ్లు పోయాయి. సాంబారులో ఉప్పు చాలలేదని ఒకబ్బాయి చెప్పాడు. నోట్‌బుక్కులో ఆ ఒక్క లెక్క సరిచేశాం. అలవాటు కొద్దీ అరచెయ్యి గరిటె కిందికి పోతే, కుర్చీలోంచి అక్క దగ్గేది.

రెండో వారం ముల్లు డెబ్బై మూడుకి జరిగింది. నేను మిషన్ దిగకుండానే అక్కను కేకేశాను. తర్వాత కూడా పరుగేమీ పెట్టలేదు, ఒక్కో వారం అరకిలో దిగింది, ఒక్కో వారం దిగలేదు. మూడు నెలలు పట్టింది. డెబ్బై చూపించిన రోజు డాక్టరు గారు పక్కన పెట్టిన కాగితం తీసి సంతకం చేశారు.

ఆపరేషనైన మూడో రోజు, పొట్ట పట్టుకుని, మాస్కు కట్టుకుని, నర్సు చెయ్యి ఊతంగా అక్క గది దాకా నడిచాను. లోపలికి రానివ్వరు, తలుపు దగ్గర నిలబడాలి. ఆమె మొహంలో నలుపు అప్పుడే విడుస్తోంది. నన్ను చూసి మెల్లగా తల తిప్పింది.

"తిన్నవా చెల్లె?" అంది.

అప్పుడు తట్టింది నాకు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నన్ను చూసిన ప్రతిసారీ ఆ మాట అడిగిన మనిషి, డాక్టరు డెబ్బై అన్న రోజు నుంచి ఒక్కసారి కూడా అడగలేదు. అన్ని నెలలు ఆ మాట నోట్లోనే ఆపుకుంది. నా ముల్లు గొడవలో పడి నేను అది గమనించనే లేదు. ఆ రోజు నేను ఇంకా ఏమీ తినలేదు. తిన్నానక్కా అని చెప్పి, గోడకు ఆనుకుని, కుట్లు లాగుతున్నా ఆపుకోలేక ఏడ్చాను.