చేతులు కట్టుకున్న ఫొటో

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, పాఠాలు చూసి కాలేజీని ఎంచుకునేవాళ్లు ఉత్త అమాయకులని నా గట్టి నమ్మకం. (నా తెలివితేటలన్నీ ఆ వయసులోనే ఖర్చయిపోయాయి.) ఇంటర్ అయ్యాక ఒక ప్రైవేటు కాలేజీవాళ్ల రంగుల పుస్తకం నా చేతికొచ్చింది. చదువుతుండగానే ఆఫీసుల్లో పని నేర్పిస్తారట, చదువవగానే ఉద్యోగమట. చివరి పేజీలో అలా ఉద్యోగాలొచ్చిన ఎనిమిది మంది ఫొటోలు. అందరికీ నల్లకోటు, అందరూ ఛాతీ మీద చేతులు కట్టుకుని మహా ఠీవిగా ఉన్నారు. ఆ రోజే అద్దం ముందు సాధన మొదలుపెట్టాను.

మా నాన్న సినిమా సెట్లు కట్టే వడ్రంగి. పరిశ్రమ వెంట మద్రాసు నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో దిగాం. ఆయన కట్టే రాజమహలు ముందు నుంచి చూస్తేనే రాజమహలు, వెనక్కెళితే వెదురుబద్దలు, మేకులు. పుస్తకం తిరగేసి, "వెనక్కెళ్లి చూశావట్రా? వీళ్లలో ఒక్కడితోనైనా మాట్లాడావా?" అన్నారు. "ఇది సెట్టు కాదు నాన్నా, కాలేజీ. ఉద్యోగం తెచ్చి చూపిస్తాను" అన్నాను. ఆయన మర్నాడే ఫీజు కట్టారు.

పని నేర్పడమంటే, ఒక ఆఫీసులో మూడు వారాలు కవర్లు అంటించాను. (జిగురు విషయంలో నన్ను ఇప్పటికీ సంప్రదించవచ్చు.) ఆఖరి ఏడాది ప్రిన్సిపాల్ పిలిచి ఫొటో దిగమన్నారు. "ఉద్యోగం ఎక్కడండీ?" అంటే, "ముందు ఫొటో కానీవయ్యా, అదీ వస్తుంది" అన్నారు. ఫొటో గదిలో, సినిమాలకు దుస్తులు కిరాయికిచ్చే ఒకాయన ఒకే ఒక్క నల్లకోటు పట్టుకుని నిలబడ్డాడు. వరసలో అందరం అదే తొడుక్కోవాలి. నా వంతులో చూశాను, ఛాతీ మీద ఇస్త్రీపెట్టె అంత కాలిన మచ్చ.

"చేతులు గట్టుకో తమ్మీ, జర మచ్చ కానరావద్దు. ఏటా గిట్లనే తీస్తరు" అన్నాడు.

కట్టుకున్నాను. మూడేళ్ల సాధన ఊరికే పోలేదు.

కొత్త పుస్తకం పరుపు కింద దాచినా నాన్నకు దొరికింది. నా ఫొటో చాలాసేపు చూశారు. "ఉద్యోగం రాలేదు నాన్నా" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "కోటు నప్పిందిరా" అన్నారు అంతే. ఫొటో కత్తిరించి తన పనిముట్ల పెట్టె మూత లోపల అంటించుకున్నారు. తర్వాత జూబ్లీహిల్స్‌లో ఆఫీసు ఆఫీసుకీ తిరిగి, మామూలు చొక్కాలోనే ఒక గుమాస్తా పని సంపాదించుకున్నాను.

ఇప్పుడు మా ఆఫీసుకు ఉద్యోగానికొచ్చే పిల్లలతో నేనే మాట్లాడతాను. ఎవరైనా ఛాతీ మీద చేతులు కట్టుకుని ధీమాగా కూర్చుంటే, ఆ మచ్చ నాకు కనిపించిపోతుంది. టీ తెప్పిస్తాను. కప్పు పట్టుకోవాలంటే చేతులు విప్పాలి కదా.