కత్తెర తప్పిన చీరలు

బతుకుదెరువుకు వచ్చిన గుజరాతీ ఊరు అమ్రోలిలో మేం పని చేసే చోట పన్నెండు మంది ఆడవాళ్లం. మగ్గాల నుంచి వచ్చిన చీరల వెనుక వేలాడే దారాలను చిన్న కత్తెరలతో కోసేయడం మా పని. చేయి కాస్త జరిగినా చీర తెగుతుంది.

అప్పట్లో మాకు పెద్ద, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క. ఆమెను ఎవరూ పెద్ద అని నియమించలేదు. ఎవరి చీర తెగినా ఆమే దాన్ని మడిచి యజమాని సేఠ్ దగ్గరికి తీసుకుపోయి, "నా కత్తెర తప్పింది" అనేది. తిట్లు తిని వచ్చి, చీర కోసిన మనిషి పక్కన కూర్చునేది.

"ఏందే, చీర కోస్తున్నవా, సొరకాయ కోస్తున్నవా?"

అందరం నవ్వేవాళ్లం, ఆ మనిషితో సహా. తర్వాత వారం రోజులు ఆమె చేయి పట్టి నేర్పేది. నాకూ అలాగే నేర్పింది. మొదటి నెలలో నేను మూడు చీరలు కోశాను. మూడూ ఆమె తప్పులుగానే పోయాయి.

నేను నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. కాలనీలో మధ్యాహ్నాలు ఒక టీచరమ్మ గుజరాతీ చెప్పేది. తెలుగు మా బిడ్డ నేర్పింది. సూపర్‌వైజర్‌ను పెట్టాలనుకున్నప్పుడు, రాయడం వచ్చని సేఠ్ నన్ను పిలిచాడు.

అక్క ఉంది కదా అన్నాను. ఆయన నవ్వాడు. ఆమె చేయి మంచిది కాదు, అందరికంటే ఎక్కువ చీరలు చెడగొట్టేది ఆమే, అలాంటి మనిషికి ఇంతమందిని ఎలా అప్పగిస్తాను అన్నాడు. నిజం నోటిదాకా వచ్చింది. చెబితే మిగతావాళ్ల పేర్లు అడుగుతాడని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆ కుర్చీ నాకు కావాలనిపించింది. సరేనన్నాను.

అక్క ఎప్పటిలాగే పనికి వచ్చింది. నాలుగో రోజు తన కత్తెరను కొంగున చుట్టుకుని, అందరికీ చెప్పి వెళ్లిపోయింది. నాకు కూడా చెప్పే వెళ్లింది.

ఆ తర్వాత ఎవరి చీర తెగినా నాకు తెలిసేది కాదు. కట్టల అడుగున దాచేవాళ్లు. అన్నం డబ్బాలు విప్పేవేళ నవ్వులు వినబడేవి. నేను వెళితే "రా అక్కా, కూసో" అని జరిగి చోటిచ్చేవాళ్లు. మాట మాత్రం ఆగిపోయేది. రెండు నెలల్లో ఇద్దరు మంచి పనివాళ్లు మానేశారు. చివరికి సేఠ్‌కు అంతా చెప్పాను, నా మూడు చీరల సంగతి కూడా. ఆయన పెన్ను మూత పెట్టి, ఆమెను పిలుచుకు రమ్మన్నాడు.

కోసాడ్ క్వార్టర్లలో మూడో అంతస్తులో అక్క ఇల్లు. నేను వెళ్లగానే చాయ్ పెట్టింది.

"సేఠ్‌కు చెప్పిన అక్కా. రమ్మంటుండు. ఇగ నువ్వే పెద్ద."

"ఇప్పుడు చెప్పినవా?"

"ఆ పొద్దే చెప్పాల్సింది."

"నాకెరుకే. నువ్వు ఆయన రూంల నుంచి బయటికొస్తుంటె నీ మొఖం చూసిన. నాలుగొద్దులు చూసిన, అక్కా గిట్లయిందని ఒక్క మాటంటవేమోనని."

నేను కప్పు కింద పెట్టాను.

"కోపమేం లేదు. చాయ్ తాగు, సల్లారుతది."

"రావా మరి?"

"ఈడ లేసు కుట్టేకాడ ఎనిమిది మంది పోరిలున్నరు. ఇంకా చేయి కుదర్లే ఆళ్లకు. ఇడ్సిపెట్టి ఎట్ల రావాలె?"

"పోనీ నేనే ఈడికొస్త, నీ దగ్గరికి."

"మరి ఆడున్నోళ్లకు ఎవరున్నరే?"

కింది నుంచి ఎవరో "పెద్దమ్మా, మిషన్ దారం తెంపుతుంది, జర రా" అని కేకేశారు. అక్క కప్పు సగంలోనే పెట్టేసి, "కూసో, ఒస్త" అంటూ మెట్లు దిగింది. కింద ఆమె గొంతు వినబడింది. ఆ వెంటనే నవ్వులు. ఎంతసేపు చూసినా పైకి రాలేదు. తలుపు దగ్గరికి వేసి, వాళ్లకు ఎదురుపడకుండా అవతలి వైపు మెట్ల మీదుగా దిగి వచ్చేశాను.